ప్రశ్నలు – జవాబులు: మన నోటి మాటకు ఉన్న బలం ఎవరిది?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా నోటి మాట గురించినవే ఉన్నాయి. మనం పలికే మాటకు ఆత్మీయంగా ఎంత బలం ఉంది, ఆ బలం ఎక్కడి నుండి వస్తుంది, నోరు జారితే ఏమవుతుంది, నోరే లేనివారి సంగతి ఏమిటి అని రకరకాలుగా అడిగారు. అందుచేత ఈసారి మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటు ఇస్తున్నాను. వ్రాసినవారి కోరిక మేరకు పేర్లు తీసివేసి ఊళ్లు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా భర్తకు తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. మూడు నెలల క్రితం మేమిద్దరం ఒక ఉపవాస కూడికకు వెళ్లాము. "నాకు షుగరు ఉంది అని నీ నోటితో అన్నావంటే ఆ రోగానికి నీ ఇంట్లో హక్కు ఇచ్చినట్లే, స్వస్థత పొందాను అనే మాట తప్ప మరో మాట నీ నోట రాకూడదు" అని అక్కడ బోధించారు. ఆ రోజు నుండి ఆయన మాత్రలు మానేశారు. ఇప్పుడు అరికాలిలో పుండు పడింది, మానడం లేదు. నొప్పి లేదు కనుక స్వస్థత మొదలైందని అంటున్నారు. నేను భయపడి ఆసుపత్రి మాట ఎత్తితే, నీ అవిశ్వాసపు మాటల వల్లే ఆలస్యమవుతోందని కోప్పడుతున్నారు. జీవమరణములు నాలుక వశము అని వాక్యంలో ఉంది కదా. నేను తప్పు చేస్తున్నానా? — ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, లేఖనాల సంగతి తరువాత మాట్లాడుకుందాం. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే మీ వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. షుగరు చాలాకాలంగా ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గిపోతుంది. అందువల్ల పుండు లోపలికి, ఎముక దాకా దిగుతున్నా నొప్పి తెలియకపోవచ్చు. మీ వారు స్వస్థతకు గుర్తు అనుకుంటున్న ఆ నొప్పి లేకపోవడమే వైద్యులను ఎక్కువగా కంగారుపెట్టే లక్షణం. మానేసిన మాత్రల విషయం కూడా డాక్టరు గారికి దాచకుండా చెప్పాలి. మీరు తప్పు చేయడం లేదు. మీ ఇంట్లో ఇప్పుడు సత్యం పలుకుతున్న నోరు మీదే.

ఇక ఆ వాక్యం గురించి. "జీవమరణములు నాలుక వశము" అని సామెతలు 18:21లో ఉన్న మాట నిజమే. హెబ్రీ మూలంలో అది "నాలుక చేతిలో" అని ఉంటుంది. మన అనువాదకులు దానికి "వశము" అనే చక్కని మాట వేశారు. అయితే ఆ అధ్యాయాన్ని మొదటి నుండి ఒకసారి చదవండి. అక్కడ ఉన్నవి జగడాలు, వ్యాజ్యాలు, కొండెములు, మనస్సు నొచ్చుకొని దూరమైన సహోదరుడు. అంటే ఒక మనిషి నాలుక మరొక మనిషిని ఏమి చేయగలదనేది ఆ మాటలోని విషయం. ఆ కాలంలో న్యాయవిచారణ ఊరి గుమ్మం దగ్గర జరిగేది. ఇద్దరు సాక్షులు నోరు విప్పి చెప్పినదాని మీద ఒకడి ప్రాణం నిలిచేది, లేకపోతే పోయేది. నాబోతు తన ద్రాక్షతోటను అమ్మనన్నందుకు ఇద్దరు పనికిమాలినవాళ్లను తెచ్చి కూర్చోబెట్టి, అతను దేవుణ్ణి, రాజును దూషించాడని చెప్పించారు. ఆ సాయంత్రానికి నాబోతు రాళ్ల కింద ఉన్నాడు. నాలుక వశమైన మరణం అంటే అది. ఒకడు తన వంట్లో ఉన్న జబ్బుకు దాని పేరు పెట్టి పిలిస్తే ఆ జబ్బు బలపడుతుందని ఆ వచనంలో ఎక్కడా లేదు.

ఆ కూడికలో చెప్పిన బోధ మన సంఘాలకు తాతల నాటి నుండి వచ్చినది కాదు. అమెరికాలో ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రచనలలో దాని మూలాలు కనిపిస్తాయి. కెన్నెత్ హేగిన్ (1917–2003) ద్వారా అది దేశదేశాలకు విస్తరించి, క్యాసెట్ల మీద, టీవీల మీద మన దాకా వచ్చింది. మన నేల మీద అది అంత త్వరగా వేళ్లూనడానికి మరో కారణం కూడా ఉందని నాకు అనిపిస్తుంది. అశుభం పలికితే పైన తథాస్తు దేవతలు "తథాస్తు" అంటారని మన అమ్మమ్మలు నోరు మూయించేవారు. మచ్చ నాలుక ఉన్నవాడి మాట జరిగి తీరుతుందని ఇప్పటికీ భయపడేవారు ఉన్నారు. ఆ పాత భయమే కొత్త మాటలు కట్టుకొని వేదిక ఎక్కితే, మనవారికి అది ఎప్పటి నుండో తెలిసిన సంగతిలాగే వినబడింది.

ఈ బోధ చేసేవారు తరచుగా రోమా పత్రిక 4:17 ఎత్తి చూపుతారు: "లేనివాటిని ఉన్నట్టుగానే పిలుచువాడు." ఆ పిలిచేవాడు ఎవరో ఆ వచనమే చెబుతోంది, మృతులను సజీవులనుగా చేసే దేవుడు. "వెలుగు కమ్మని" పలికితే వెలుగు కలిగింది ఆయన నోటితోనే. ఆ వచనం నుండి రెండు వచనాలు కిందికి దిగి చూడండి. అబ్రాహాము తన శరీరం, శారా గర్భం మృతతుల్యమైనట్టు ఆలోచించాడని, అయినా విశ్వాసంలో బలహీనుడు కాలేదని పౌలు వ్రాశాడు. ముసలితనాన్ని అబ్రాహాము దాచలేదు, దాని పేరు పలకడానికి భయపడలేదు. తన వల్ల కాదని తెలిసినవాడే, చేయగలవాడి వైపు చూశాడు.

సువార్తలను ఈ దృష్టితో తిరిగి చదవండి. యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయిని యేసు ప్రభువు ఏమి కావాలని అడిగితే, అతను తన లోటునే నోటితో చెప్పుకున్నాడు: చూపు కావాలన్నాడు. మూర్ఛతో కొట్టుకుంటున్న బిడ్డను తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను అంటూనే తన అపనమ్మకానికి సహాయం చేయమని ఏడ్చాడు. ప్రభువు ఆ మాట విని, నీ నోట అపనమ్మకం అనే పదం వచ్చింది కనుక నీ బిడ్డకు స్వస్థత లేదని పంపివేయలేదు. ప్రభువు తానే గెత్సేమనేలో తన ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పుకున్నాడు. యోబు తాను పుట్టిన దినాన్నే శపించుకున్నాడు. చివరికి దేవుడు అతని స్నేహితులతో, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదని అన్నాడు. వేదనలో యోబు అన్న మాటలను దేవుడు లోపంగా లెక్కించలేదు. చక్కని సిద్ధాంతాలు వల్లించిన ఆ ముగ్గురి మాటలే ఆయనకు కోపం తెప్పించాయి.

మీ వారికి చూపించదగిన ఒక అధ్యాయం చెబుతాను: 2 రాజులు 20. హిజ్కియా రాజుకు మరణకరమైన రోగం వచ్చింది. అతను గోడ వైపు తిరిగి కన్నీళ్లు విడిచి ప్రార్థించాడు. యెషయా ప్రవక్త ఇంకా నడిమి ముంగిలి దాటకముందే దేవుడు అతన్ని వెనక్కి పంపి, నిన్ను బాగుచేస్తాను, నీకు 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తాను అని చెప్పించాడు. స్వస్థత వాగ్దానం అంతకంటే స్పష్టంగా ఎవరికైనా దొరుకుతుందా? ఆ వాగ్దానం తెచ్చిన ప్రవక్తే వెంటనే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించాడు. దాన్ని కురుపు మీద వేశారు. రాజు బాగుపడ్డాడు. దేవుని మాట, మందు ముద్ద పక్కపక్క వచనాలలోనే ఉన్నాయి. మీ వారి పాదానికి కట్టు కట్టించుకుంటూ ఆ అధ్యాయం ఇద్దరూ కలిసి పైకి చదువుకోండి.

ఒక మాట ఒప్పుకోవాలి. నేను సేవలో కొత్తగా ఉన్న రోజుల్లో, ఒక తల్లి మంచం పక్కన నిలబడి, నేను చచ్చిపోతానేమో అయ్యా అని ఆమె అంటే, అలా అనవద్దని గట్టిగా గద్దించాను. ఆమె మళ్లీ నాతో ఆ మాట ఎత్తలేదు. తరువాత పది రోజులకు ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. తన పిల్లలకు చెప్పుకోవలసినవి, నాతో ఒప్పుకోవలసినవి ఏవో ఆమె గుండెలో ఉండి ఉంటాయి. వాటికి నేనే తలుపు వేశాను. అందుకే అమ్మా, మీ భయాన్ని మీరు దేవుని ముందు, మీ సంఘంలో నమ్మకమైన ఒకరిద్దరి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి. కీర్తనల గ్రంథంలో అలాంటి మొరలు కోకొల్లలు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం మా అబ్బాయి ఇంటర్‌లో తప్పాడు. ఆ రోజు కోపం ఆపుకోలేక, "నువ్వు జన్మలో బాగుపడవురా, నాశనమైపోతావు" అనేశాను. ఆ తరువాత వాడికి ఏ పనీ కుదరలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఏదో చిన్న పని చేసుకుంటున్నాడు, నాతో సరిగా మాట్లాడడు. తల్లి శాపం తగిలిందని మా ఆడపడుచు అంటోంది. నా మాటను వెనక్కి తీసుకోవడానికి ఏమి చేయాలి? నలభై రోజులు ఉపవాసం ఉండమంటే ఉంటాను. — ఒక తల్లి, భీమవరం

జవాబు: తల్లీ, మీ మాట మీ అబ్బాయి జాతకం వ్రాయలేదు. "హేతువులేని శాపము" తగలదని, అది ఎక్కడా దిగని పక్షిలాంటిదని సామెతలు 26:2 చెబుతోంది. బిలామును బాలాకు రాజు డబ్బిచ్చి పిలిపించింది ఇశ్రాయేలును శపించడానికే; ఆ కాలంలో అతని నోటికి అంత పేరు ఉండేది. కొండ మీద బలిపీఠాలు కట్టి, అంతా సిద్ధం చేసిన తరువాత, దేవుడు శపించనివారిని నేను ఎలా శపించగలనని బిలామే చేతులెత్తేశాడు. మీ బిడ్డ బ్రతుకు మీ కోపం చేతిలో లేదు. దేవుని చేతిలో ఉంది.

అయితే ఆ మాటకు బలమే లేదని నేను చెప్పడం లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మనవారు అన్నది అనుభవంతోనే. నాలుకను యాకోబు అగ్నితో పోల్చాడు. నిప్పు చిన్నదే, అడవి పెద్దది. దీనితోనే తండ్రిని స్తుతిస్తాము, దీనితోనే దేవుని పోలికగా పుట్టిన మనుష్యులను శపిస్తాము అని అతను బాధపడ్డాడు. పదిహేడేళ్ల పిల్లవాడు, అప్పటికే పరీక్ష తప్పి సిగ్గుతో చచ్చిపోతున్నవాడు, కన్నతల్లి నోట ఆ మాట విన్నాడు. పనికి వెళ్లి అడిగేటప్పుడు, యజమాని ముందు నిలబడేటప్పుడు ఆ మాట వాడి చెవిలో మోగుతూ ఉండి ఉంటుంది. మీ మాట పనిచేసింది అలాగే. పైన ఏ అదృశ్య శక్తీ దాన్ని పట్టుకొని నెరవేర్చలేదు. కింద ఒక పిల్లవాడు దాన్ని నమ్మాడు.

కనుక మీ మందు కూడా ఉపవాసం దగ్గర మొదలవదు, ఫోను దగ్గర మొదలవుతుంది. వాడికి ఫోను చేసి, "నాన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు. అది నీ గురించి నిజం కాదు, నా కోపంలో వచ్చింది. నన్ను క్షమించు" అని చెప్పండి. నీ మంచికే అన్నానులే అనే తోక తగిలించకండి. వాడు వెంటనే కరగకపోతే బాధపడకండి. రెండేళ్లు మోసిన మాటను ఒక్క ఫోనులో దించుకోలేడు. మన తెలుగు ఇళ్లలో పెద్దవారు పిల్లలను క్షమాపణ అడగడం అలవాటు లేని పని అని నాకు తెలుసు. అయినా అడగండి.

వాడు ఇంటికి వచ్చినప్పుడు, లేకపోతే ఫోనులోనే సరే, ఈ మాటలు వాడి మీద పలకండి: "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక, యెహోవా నీకు తన సన్నిధిని ప్రకాశింపజేసి నిన్ను కరుణించును గాక." సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో యాజకులకు దేవుడు నేర్పించిన దీవెన ఇది. 1979లో యెరూషలేము పక్కన కెతెఫ్ హిన్నోము అనే చోట పాత సమాధులను త్రవ్విన పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బార్కయ్ బృందానికి రెండు చిన్న వెండి రేకులు చుట్టలుగా దొరికాయి. పెద్దది విప్పితే 97 మిల్లీమీటర్ల పొడవు, చిన్నది 39 మిల్లీమీటర్లు. చిన్నది మన వేలంత కూడా ఉండదు. వాటి మీద ఈ దీవెన మాటలే గీసి ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం సుమారు 600 ఏళ్ల నాటివి. ఎవరో తమ మెడలో వేసుకొని, చనిపోయినప్పుడు కూడా తీయకుండా, దానితోనే మట్టిలోకి వెళ్లారు. దీవెన మాటకు మనిషి ఎంతగా అతుక్కుపోతాడో ఆ రేకులు చూస్తే అర్థమవుతుంది.

ఆ దీవెన తరువాతి వచనాన్ని మాత్రం చాలామంది చదవరు. యాజకులు ఇశ్రాయేలీయుల మీద నా నామాన్ని ఉచ్చరిస్తారు, నేను వారిని ఆశీర్వదిస్తాను అని దేవుడు అన్నాడు. ఉచ్చరించే నోరు యాజకునిది, ఆశీర్వదించే పని దేవునిది. నా మట్టుకు నేను ఈ అంశం మొత్తం మీద చెప్పదలచినదంతా ఆ ఒక్క వచనంలోనే ఉంది. మీ నోరు ఇప్పటికీ పనికివస్తుంది తల్లీ. ఆయన పేరును మీ బిడ్డ మీద పలకండి, మిగతా పని ఆయనది.

ప్రశ్న: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డులో "యెహోవా నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అని ఉంది. రోజూ ఉదయం అద్దం ముందు నిలబడి నలభై సార్లు ప్రకటిస్తే నెరవేరుతుందని చెప్పారు. ఏడు నెలలుగా చేస్తున్నాను, ఉద్యోగం రాలేదు. స్వరంలో విశ్వాసం చాలడం లేదా? ఇది మానేయాలా? — ఒక సోదరుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, అద్దం మానేయండి, వాక్యాన్ని పైకి పలకడం మానకండి. దివారాత్రము ధర్మశాస్త్రాన్ని ధ్యానించేవాడు ధన్యుడని మొదటి కీర్తన అంటుంది. అక్కడ "ధ్యానించు" అని మనం చదివే హెబ్రీ మాట "హాగా". కళ్లు మూసుకొని మౌనంగా కూర్చోవడం కంటే, పెదవులతో గొణుగుతూ చదువుకోవడం దానికి దగ్గరి అర్థం. వేట మీద నిలిచి సింహం చేసే గర్జనకు, గువ్వ మూలుగుకు కూడా యెషయా గ్రంథంలో అదే మాట వాడారు. కనుక గొంతుకు, విశ్వాసానికి సంబంధం ఉంది. తన నోటి మాట తన చెవికే చేరి, అక్కడి నుండి మనస్సులోకి దిగుతుంది. మా సంఘంలో చదువు రాని ఒక అవ్వ ఉండేది. ఇరవై మూడవ కీర్తనను మనుమరాలి చేత చదివించుకొని, వచనం వచనం తన వెనుక తాను పలికి, అలా నేర్చుకుంది. చివరి రోజుల్లో మనుషుల పేర్లు మరచిపోయింది గాని, "గాఢాంధకారపు లోయలో" అని ఎవరైనా అందిస్తే మిగతాది ఆమె పెదవులే అందుకునేవి.

మీ విషయంలో తేడా వచ్చింది, ఆ మాట ఎవరి వైపు తిరిగి పలుకుతున్నారనే దగ్గర. అద్దంలో ఉన్నది మీరే. మీతో మీరే నలభై సార్లు చెప్పుకుంటున్నారు. ఆ వాగ్దానం ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో, దేవుని ఆజ్ఞలను విని అనుసరించే జనాంగం మొత్తానికి చెప్పిన మాట. మీ కార్డు మీద స్థలం చాలక ఆ భాగం రాలేదు. దానియేలు ఏమి చేశాడో చూడండి. యెరూషలేము పాడుగా ఉండే కాలం 70 సంవత్సరాలని యిర్మీయా వ్రాసిన మాటను అతను చదివాడు. గడువు దగ్గరపడింది. అతను దాన్ని గోడ వైపో అద్దం వైపో తిరిగి ప్రకటించలేదు; గోనెపట్ట కట్టుకొని, ఉపవాసముండి, దేవుని వైపు ముఖం తిప్పి, మా పాపం క్షమించమని వేడుకున్నాడు. వాగ్దానం అతని చేతిలో ప్రార్థనగా మారింది. మీరు కూడా ఆ కార్డును దేవుని ముందు పెట్టి, "ప్రభువా, మీరు ఇలా అన్నారు. నాకు పని లేదు. ఏమి చేయాలో చూపించండి" అని ఒక్కసారి మనసారా అడగండి. నలభై సార్లు అక్కరలేదు. విస్తరించి మాట్లాడితే వినబడుతుందని అనుకోవద్దని ప్రభువే చెప్పాడు.

మన నేల మీదే జరిగిన సంగతి ఒకటి మీకు గుర్తు చేయాలి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కి కొద్దిమంది ప్రార్థించారు: నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, వారితో వచ్చిన తెలుగు క్రైస్తవులు. అప్పటికి నెల్లూరు మిషను ఎంత బలహీనంగా ఉందంటే, దాన్ని మూసివేయాలా అని అమెరికాలో చర్చలు నడుస్తున్నాయి. ఒంటరి నక్షత్రం అనే పేరు దానికి అప్పుడే పడింది. కొండ మీద వారు అడిగింది, కింద కనిపించే ఊళ్లకు సువార్త చెప్పేవారిని పంపమని. మరునాడు ఏమీ జరగలేదు. ఆ సంవత్సరమూ జరగలేదు. మిషనరీ జాన్ క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే 12 ఏళ్లకు. ఈలోగా కొండ మీది మాటలు గాలిలో కలిసిపోయాయనే ఎవరైనా అనుకొని ఉంటారు. 1876–78 కరవులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే పనిని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చేశారు. కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని కరవు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కొండకు ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పేరు నిలిచిపోయింది.

ఆ 12 ఏళ్లకూ ఆ జూలై నెలకూ మధ్య ఇంకొక స్వరం ఉంది, దాన్ని మనం తక్కువగా తలుచుకుంటాము. యర్రగుంట్ల పేరయ్య గారు తోలు వ్యాపారం చేసుకునే మాదిగ సోదరుడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తనవారికి తన మాటల్లో చెప్పారు. విన్నవారిలో అక్షరం వచ్చినవారు అరుదు. లేఖనం చదవడానికే కాదు, వినడానికి కూడా అర్హత లేదని తరతరాలుగా పక్కకు నెట్టబడినవారు వారు. "వినుట వలన విశ్వాసము కలుగును" అని పౌలు వ్రాసిన మాట ఆ పల్లెల్లో అక్షరాలా జరిగింది. నోరెత్తడానికి వీలులేదన్న జనానికి దేవుడు ముందుగా చెవి ఇచ్చి, ఆ తరువాత నోరు ఇచ్చాడు. మాటకున్న ఆత్మీయ బలం గురించి ఎవరైనా నన్ను అడిగితే అద్దం ముందు నిలబడినవారిని నేను చూపించను, పేరయ్య గారిని చూపిస్తాను. తమ్ముడూ, పని కోసం దరఖాస్తులు పంపుతూనే ఉండండి, మీ కష్టం సంఘంలో నలుగురితో పంచుకోండి. పని ఎక్కడ ఖాళీ ఉందో తెలిసినవారు మీ పక్క వరుసలోనే కూర్చొని ఉండవచ్చు.

ప్రశ్న: ప్రార్థన గట్టిగా చేస్తేనే శక్తి ఉంటుందా? మా సంఘంలో మైకులు పెట్టి తెల్లవార్లూ కేకలు వేస్తారు. — ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: కర్మెలు కొండ మీద ఉదయం నుండి మధ్యాహ్నం దాకా కేకలు వేసింది బయలు ప్రవక్తలు, 450 మంది. ఏలీయా ప్రార్థన రెండు వచనాలకు మించదు. ఆ తరువాతి అధ్యాయంలో అదే ఏలీయాకు దేవుడు గాలిలో, భూకంపంలో, అగ్నిలో ప్రత్యక్షం కాకుండా, మిక్కిలి నిమ్మళమైన స్వరంతో మాట్లాడాడు. గట్టిగా ఏడవడం తప్పని కాదు. బర్తిమయి కేకలు వేస్తే ఊరుకోమన్నది జనమే, ప్రభువు ఆగి పిలిపించాడు. గుండె నిండి గొంతు లేస్తే లేవనివ్వండి. కానీ పక్క వీధిలో పరీక్షకు చదువుకునే పిల్లల కిటికీ వైపు మైకు పెట్టి అరిచేది ఎవరికి వినిపించడానికో సంఘ పెద్దలు కూర్చొని ఆలోచించాలి.

ప్రశ్న: చివర "యేసు నామములో" అనడం మరచిపోతే ఆ ప్రార్థన చెల్లదా? — ఒక సోదరి, కర్నూలు

జవాబు: చెల్లుతుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే ఆ మాట లేదు కదా. ఎఫెసులో స్కెవ కుమారులు ఏడుగురు ఆ నామాన్ని మంత్రంలా వాడబోతే, యేసును గుర్తెరుగుదును, పౌలును ఎరుగుదును, మీరెవరని అపవిత్రాత్మ అడిగింది. గాయాలతో, బట్టలు లేకుండా పారిపోయారు. ఆయన వారిగా, ఆయన ఇష్టాన్ని కోరి అడగడమే ఆయన నామంలో అడగడం.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. బాప్తిస్మం తీసుకుంటానని సైగలతో చెబుతోంది. "నీ నోటితో ఒప్పుకొని" అని రోమా పత్రికలో ఉంది కనుక నోటితో ఒప్పుకోలేని వారికి ఎలా ఇస్తామని మా సంఘంలో ఒక పెద్ద అన్నారు. ఆ మాట మా అమ్మాయికి తెలియనివ్వలేదు. నేను మాత్రం నిద్రపోలేకపోతున్నాను. — ఒక తండ్రి, పార్వతీపురం

జవాబు: అన్నా, ఆ మాట మీ అమ్మాయికి చేరనివ్వకపోవడం మంచి పని. ఆ పెద్దాయనకు ఈ జవాబు చూపించండి.

"ఒప్పుకొను" అని మన బైబిలులో ఉన్నచోట గ్రీకులో "హోమోలోగేయో" అనే మాట ఉంది. ఒకే మాట పలకడం, ఎదుటివారు చెప్పినదానితో ఏకమై అదే చెప్పడం అని దాని అర్థం. యేసు ప్రభువని దేవుడు చెప్పిన దానికి మీ అమ్మాయి చేతులతో అవునని చెబితే, అది ఒప్పుకోవడమే. నోరు అని పౌలు వ్రాసింది, మనుషులు సాధారణంగా లోపలిది బయటపెట్టే ద్వారం అదే కనుక. దేవుడు మీ అమ్మాయికి ఆ ద్వారాన్ని చేతులలో పెట్టాడు.

జెకర్యాను చూడండి. దేవదూత మాట నమ్మనందుకు అతని నోరు మూతపడింది. బిడ్డ పుట్టి ఎనిమిదవ దినాన పేరు పెట్టే వేళ, బంధువులంతా తండ్రి పేరే పెడదామంటుంటే, అతను వ్రాతపలక అడిగి, వాని పేరు యోహాను అని వ్రాశాడు. నెలల తరబడి మూగగా ఉన్నవాడు దేవుని మాటకు అవునన్నది ఆ పలక మీద. అతని నోరు తెరవబడింది ఆ తరువాతే. అంటే దేవుడు అతని ఒప్పుకోలును అంగీకరించినప్పుడు అతనికి ఇంకా మాట రాలేదు. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను త్రాగి ఉందనుకున్నాడు. ఆ ప్రార్థనకు జవాబుగా సమూయేలు పుట్టాడు. మందిరంలో ఉన్న పెద్దకు అర్థం కానిది దేవునికి అర్థమైంది.

నాకు మాట సరిగా రాదని మోషే వెనక్కి తగ్గితే, మనుష్యునికి నోరిచ్చినవాడు ఎవరు, మూగవానిని, చెవిటివానిని పుట్టించినవాడు ఎవరు, నేనే కదా అని దేవుడు అన్నాడు. మార్కు సువార్త 7వ అధ్యాయంలో చెవుడు, నత్తి ఉన్న మనిషిని ప్రభువు జనం లోనుండి పక్కకు తీసుకువెళ్లి ఏమి చేశాడో నిదానంగా చదవండి. చెవులలో వ్రేళ్లు పెట్టాడు, ఉమ్మివేసి నాలుక ముట్టాడు, ఆకాశం వైపు కన్నులెత్తాడు, నిట్టూర్చాడు. "ఎప్ఫతా" అనే మాట ఆ తరువాత వచ్చింది. వినబడని మనిషికి అర్థమయ్యేలా ఆయన మొదట చేతులతో మాట్లాడాడు. మీ అమ్మాయి భాష ప్రభువుకు కొత్తది కాదు. ఏ మాటా కుదరని చోట ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో ఆత్మ తానే మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని, "నీ నోటితో ఒప్పుకొని" అని వ్రాసిన ఆ పౌలే, అదే పత్రికలో వ్రాశాడు.

ఇక చేయవలసిన పని చెబుతాను. మీ పాస్టరు గారు బాప్తిస్మం రోజున అడిగే ప్రశ్నలను ముందుగా మీకు వ్రాసి ఇమ్మనండి. మీ అమ్మాయికి బడిలో నేర్పిన సైగల భాష వచ్చి ఉంటే, ఆ భాష తెలిసిన టీచరునో స్నేహితురాలినో వెంట తెచ్చుకోండి. లేకపోతే ఇంట్లో మీరు, ఆమె వాడుకునే సైగలే చాలు. యేసును ప్రభువుగా నమ్ముతున్నావా అనే ప్రశ్నను మీరే ఆమెకు చేతులతో అడగండి, ఆమె జవాబును మీరే సంఘానికి నోటితో చెప్పండి. ఆమె జవాబు ముగిసేదాకా పాస్టరు గారిని తొందరపడవద్దని చెప్పండి. సైగల మాటకు కాస్త సమయం పడుతుంది. సంఘంలో ముందు వరుసవారు కూర్చొనే ఉంటే వెనుకవారికి కూడా ఆమె చేతులు కనిపిస్తాయి. ఆమేన్ అనే మాటకు ఆమె ఏ సైగ వాడుతుందో ముందు వారమే అందరికీ నేర్పించండి. ఆ రోజు సంఘమంతా ఆమె భాషలో ఆమేన్ చెప్పవచ్చు.